హ్యాష్ విలువ – పాఠనిర్ణయం

హైదరాబాదులోని సివిల్ కోర్టులోనైనా నేడు ఎలక్ట్రానిక్ దస్త్రం ప్రతిని సాక్ష్యంగా సమర్పిస్తే ధ్రువపత్రంలో దాని హ్యాష్ విలువను పేర్కొనాలి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను నియమమిది. ఫైలులోని బైట్లన్నిటి నుంచి గణించే ఈ విలువతోనే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైళ్ల పట్టికను నిర్వహిస్తోంది. పేరు మార్చినా ఫైలు పట్టుబడుతుంది.

తెలుగు పాఠానికి మాత్రం ఈ కొలత చాలదు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వానికి కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండూ సమానమని యూనికోడే అంగీకరిస్తుంది. తెరపై ‘కై’ ఒక్కటే, హ్యాష్‌లు వేరు. తాళపత్రాల్లో లేఖన భేదాన్ని పాఠాంతరంగా లెక్కించని పరిష్కర్త ఇక్కడా సంకేతాలను ఏకరూపం చేశాకే ప్రతులను పోల్చాలి. అయితే మూల ఫైలు హ్యాష్‌ను ముందే నమోదు చేయాలి. ఏకరూపం చేసిన ప్రతి కోర్టుకు వేరే ఫైలు.