గాటుకు గాటు

కడప బండలు, ఎర్రగుంట్ల సిమెంటు మోసే లారీలో ఇంజను బలాన్ని వెనక ఇరుసుదాకా చేర్చేది ప్రొపెల్లర్ షాఫ్ట్. కర్నూలు, కడప రోడ్ల పక్క షెడ్లలో దాన్ని తిరిగి ఎక్కించే మెకానిక్కుకు రావాల్సినంత పేరు రాలేదని నా ఫిర్యాదు.

చక్రాలకు రాళ్లు పెట్టించనిదే ఆయన బండి కిందికి దూరడు. షాఫ్ట్ ఊడదీశాక గేరులో ఉన్నా లారీ దొర్లిపోతుంది మరి. విప్పేముందే, ముక్కలు కలిసేచోట ఉలితో చిన్న గాట్లు పెట్టుకుంటాడు. బిగించేటప్పుడు అవి ఎదురెదురుగా రావాలి. ఇది చాదస్తం కాదు. వంపులో తిరిగే క్రాస్ జాయింటు, ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. అవతలి చివరి జాయింటు సరైన వరసలో ఉంటేనే ఆ తేడా సర్దుకుంటుంది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లోనే ఈ జాయింటు గురించి రాశాడు. ఆ పుస్తకం ఈ షెడ్డుకు రాలేదు, లెక్క మాత్రం వచ్చింది. స్ప్లైన్లలో ఒక్క పన్ను తప్పినా బండంతా వణుకుతుంది, సెంటర్ బేరింగు ఎన్నాళ్లో ఆగదు.

మే ఎండకు పానా ముట్టుకుంటే చురుక్కుమంటుంది. అయినా ఫ్లాంజి మీది మట్టి తుడిచి, వేలితో తడిమి చూశాకే బోల్టు ఎక్కిస్తాడు. ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగిస్తాడు. క్రాసుకు గ్రీసు కొడితే నాలుగు కప్పుల్లోంచీ పొంగాలి, మూడు చాలవు. పాత నట్లే వేయమని ఓనరు బేరమాడితే ఓపిగ్గా వింటాడు. వేసేవి మాత్రం కొత్తవే.