వింత ఎక్కడుంది? ఛాయాచిత్ర విమర్శకు ఒక పరిచయం

1. ప్రవేశిక

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. మనం పెద్దగట్టు జాతర అని పిలుచుకునేది దీన్నే. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. గజ్జెల లాగులు తొడుక్కున్న భక్తులు, భేరీల మోత, 'ఓ లింగా' అనే కేక గుట్టంతా నిండిపోతాయి. ఇప్పుడు గుట్ట ఎక్కేవాళ్లలో చాలామంది చేతిలో సెల్‌ఫోను కూడా ఉంటుంది. మీరు ఆ జాతరకు వెళ్లి ఉంటే, మీ ఫోనులోని ఫోటోలను ఒకసారి తెరిచి చూడండి. గజ్జెల లాగులు ఎన్ని ఫోటోల్లో ఉన్నాయి? వాటిని తొడుక్కున్న మనిషి ముఖం ఎన్నింటిలో కనిపిస్తోంది? గంప దించి నీడలో కూర్చున్న స్త్రీ ఒక్క ఫోటోలోనైనా ఉందా?

తప్పు పట్టడానికి ఈ ప్రశ్నలు వేయడం లేదు. వింతగా తోచినదాని వైపు కన్ను ముందుగా పోవడం సహజం. ఆ ఆకర్షణ ఎక్కడ పుడుతుంది, అది చూసేవాడికి ఏమిస్తుంది, ఫోటోలోని మనిషి నుంచి ఏం తీసుకుంటుంది అన్నదే ఈ పాఠంలో మన చర్చ.

2. వింతకు మూలం దూరం

కేసారంలో పుట్టి పెరిగినవారికి దేవరపెట్టె వింత కాదు. అది వాళ్ల తాతల నుంచి వస్తున్న బాధ్యత. హైదరాబాదు నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరుకు అదే అపురూపమైన దృశ్యం. వస్తువు మారలేదు, చూసేవాడు మారాడు. కాబట్టి 'వింత' అనేది వస్తువుకుండే గుణం కాదు. చూసేవాడికీ వస్తువుకూ మధ్య ఉన్న దూరానికి మనం పెట్టుకున్న పేరు అది.

ఈ దూరాన్ని ఫోటో రెండు రకాలుగా వాడుకోగలదు. చూసేవాణ్ణి వస్తువుకు కొంత దగ్గర చేయవచ్చు. లేదా ఆ దూరాన్ని అలాగే ఉంచి, దాన్నే వినోదంగా అందించవచ్చు. ఒక ఫోటో ఈ రెండింటిలో ఏ పని చేస్తోందో తేల్చడం విమర్శకుడి మొదటి పని.

3. రెండు చారిత్రక ఉదాహరణలు

ఈ తేడా మన దేశ ఛాయాచిత్ర చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాలు వెలువరించింది. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే వాటి సంపాదకులు. భారతదేశంలోని కులాలను, తెగలను ఫోటోల ద్వారా వర్గీకరించడం ఆ సంపుటాల ఉద్దేశం. అలాంటి చట్రంలో మనిషి మనిషిగా కాక ఒక తెగకు నమూనాగా నిలబడతాడు. అతని వేషం మనకు గుర్తుండిపోతుంది కాని, అతని బతుకు గురించి తెలిసేది తక్కువ.

రెండో ఉదాహరణ మనకు దగ్గరిది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో నల్లమల అడవుల్లోని చెంచుల మధ్య ఉండి పరిశోధించాడు. చెంచుల మీద ఆయన రాసిన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన కూడా బయటివాడే. ఆయన కెమెరాను ఆకర్షించినదీ తన దేశంలో లేని జీవనమే. అయితే ఆయన వాళ్ల మధ్య కాలం గడిపాడు. వాళ్ల తిండి, పెళ్లి, బంధుత్వాలను తెలుసుకుని రాశాడు. తరువాత ఆదిలాబాదు గోండులతో ఆయనకూ ఆయన భార్య బెట్టీకీ ఏర్పడిన అనుబంధం దశాబ్దాలు నిలిచింది. ఆయన రచనలను కూడా విమర్శనాత్మకంగానే చదవాలి. అయినా ఒక తేడాను మనం గమనించాలి: ఆయన విషయంలో కుతూహలం ఫోటోతో ఆగిపోలేదు, అక్కడ మొదలైంది.

4. బాధ వింతగా మారినప్పుడు

చెంచుల వేషం, గుడిసె వింతగా తోస్తే జరిగే నష్టం ఒక రకం. రోగమే వింతగా తోస్తే జరిగే నష్టం ఇంకా లోతైనది. దీనికి ఉదాహరణ వెతకడానికి మనం దూరం పోనక్కరలేదు. 2016కు ముందు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. ఆ జిల్లా పేరు వినగానే బయటివారికి మొదట గుర్తొచ్చేవి ఫ్లోరోసిస్ బాధితుల ఫోటోలు. వంగిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు, గారపట్టిన పళ్లు.

ఆ ఫోటోలు అవసరమా? అవసరమే. నీళ్లలోని విషం కంటికి కనబడదు, శరీరం కనబడుతుంది. ఆ శరీరాలను చూపకపోతే దూరాన ఉన్న అధికారులకు, పాఠకులకు సమస్య తీవ్రత తెలిసేది కాదు. అయితే అదే కోణంలో తీసిన అదే వంగిన నడుము పదేపదే అచ్చయినప్పుడు ఏం జరుగుతుంది? చూసేవాడు 'అయ్యో' అని పేజీ తిప్పుతాడు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రమాణం ఆ ఫోటోలో ఉండదు. బోరు ఎంత లోతుకు వేశారన్నది ఉండదు. ఆ మనిషికి చదువు వచ్చా, పిల్లలున్నారా, ఏం పని చేసి బతుకుతున్నాడు అన్నదీ ఉండదు. అన్యాయం వెనక్కి పోయి, ఆకారం ముందుకు వస్తుంది.

అమెరికన్ రచయిత్రి సుసాన్ సొంటాగ్ 1977లో వెలువడిన 'ఆన్ ఫొటోగ్రఫీ' గ్రంథంలో ఇలాంటి సందేహాన్నే లేవనెత్తింది. అసాధారణ శరీరాలున్న మనుషులను చిత్రించిన డయాన్ ఆర్బస్ ఫోటోలు చూసేవాడిలో సానుభూతిని కోరవని ఆమె వాదన. ఈ వాదనతో మీరు ఏకీభవించకపోవచ్చు. కాని మన జిల్లా ఫోటోలను పరీక్షించడానికి అది పనికొస్తుంది.

5. కెమెరాకు అందనిది

కొన్ని వింతలు కెమెరాకు లొంగవు. మిర్యాలగూడకు దగ్గర్లో కృష్ణ, మూసీ కలిసే చోట వాడపల్లి ఉంది. అక్కడి నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయని, ఒకటి నిశ్చలంగా ఉంటే ఇంకొకటి రెపరెపలాడుతుందని, అది స్వామి ఊపిరి వల్లనని భక్తుల నమ్మకం. ఈ నమ్మకం నిజానిజాలు ఇక్కడ మన చర్చ కాదు. ఆ దీపాలను ఫోటో తీశారనుకోండి. ఫోటోలో రెండు దీపాలూ నిశ్చలంగానే ఉంటాయి. వింత ఉన్నది కదలికలో, దాన్ని చూస్తూ నిలబడ్డ మనిషి కళ్లలో. భక్తుడి ముఖాన్ని తీసిన ఫోటో, దీపాన్ని తీసిన ఫోటో కంటే ఎక్కువ చెప్పవచ్చు.

6. దగ్గరిదాన్ని వింతగా చూడటం

దూరంగా ఉన్నదే వింత అయితే, రోజూ చూసేది ఫోటోకు పనికిరాదా? ఈ ప్రశ్నకు వరంగల్లుకు చెందిన గుడిమళ్ల భరత్ భూషణ్ కృషి మంచి సమాధానం. 2022లో మరణించిన ఈ ఛాయాచిత్రకారుడు, చిత్రకారుడు తెలంగాణ పల్లె జీవితాన్ని, బతుకమ్మను, పాత ఇళ్లను దశాబ్దాలపాటు చిత్రించాడు. తీసిన నాడు అవి ఊళ్లో ఎవరికీ వింత కాదు. మట్టిగోడలు కూలి, ఆ తలుపులు ఊడిపోయాక, అవే ఇవాళ అపురూపమయ్యాయి. రాబోయే దూరాన్ని ఆయన ముందే పసిగట్టాడు.

ఈ చూపును మీ ఊరికి అన్వయించి చూడండి. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరతాయి. తెల్లవారుజామున వడ్లు ఉడికించే ఆవిరి, బస్తా మోసే హమాలీ భుజం మీది కాయ మనకు రోజూ కనిపించేవే. కోదాడలో జాతీయ రహదారి పక్క లారీ కింద నిద్రపోతున్న డ్రైవరూ అంతే. పిల్లలమర్రి కాకతీయుల కాలపు గుడి స్తంభాలను ఎందరో ఫోటో తీస్తారు. పొద్దున్నే ఆ గుడి ఊడ్చే మనిషిని ఎవరు తీస్తారు?

7. సారాంశం

వింత పట్ల ఆకర్షణ సిగ్గుపడవలసిన విషయం కాదు. తెలుసుకోవాలన్న కోరికకు అది మొదటి మెట్టు. ఫోటో ఆ మెట్టు మీదే ఆగిపోతే మనిషి వస్తువైపోతాడు. అందువల్ల ఏ ఫోటోను విమర్శించేటప్పుడైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో నన్ను ఆపినది మనిషా, వేషమా? ఈ స్థితికి కారణం ఫోటోలోగాని, దాని కింది వ్యాఖ్యలోగాని తెలుస్తోందా? ఇందులో ఉన్న వ్యక్తికి ఈ ఫోటో చూపించి, 'ఇది నీ ఫోటో' అని తడబడకుండా చెప్పగలమా?

అభ్యాసం

మీ ఫోనులోంచి, మీకు వింతగా తోచి తీసిన ఒక ఫోటోను ఎంచుకోండి. పై మూడు ప్రశ్నల ఆధారంగా దాన్ని 200 పదాల్లో విమర్శించండి. అందులో ఉన్నవారు మీకు తెలిసినవారైతే, రాసే ముందు ఆ ఫోటోను వారికి చూపించండి. వారు అన్న మాటను మీ సమాధానంలో చేర్చండి.