బిస్కెట్టుతోనైనా చెప్పాడు

మొన్న ఆదివారం నా స్నేహితురాలూ నేనూ మా ఇంట్లో కూచుని ‘శుభ్ మంగళ్ సావధాన్’ చూశాం. ఆర్.ఎస్. ప్రసన్న 2013లో తమిళంలో తీసిన ‘కల్యాణ సమయల్ సాదం’నే 2017లో హిందీలో మళ్లీ తీశాడు. పెళ్లి కుదిరిన కుర్రాడికి అంగస్తంభన సమస్య. ఆ మాట నోట రాక, పాపం, టీలో ముంచిన బిస్కెట్టు మెత్తబడి జారిపోవడం చూపించి పెళ్లికూతురికి సంగతి బోధపరుస్తాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“బిస్కెట్టుతోనైనా చెప్పాడే. మా ఆయన అదీ చెప్పలేదు,” అంది.

నలభై అయిదు దాటాక ఆయన పక్క గదిలోకి మకాం మార్చాడుట. అడిగితే విసుగు. ఇంకెవరో ఉన్నారని ఈవిడ రెండేళ్లు దిండు తడుపుకుంది. చివరికి కాలిపుండు మానకపోతే రక్తపరీక్ష చేశారు. షుగరు! పడగ్గది సంగతి డాక్టరు అడిగితేగాని బయటపడలేదు.

“నీకలా ఎందుకనిపించిందే?” అన్నాను.

“నీ నవలలు చదివే!” అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజమే. నా కథల్లో మొగుడు ముఖం తిప్పుకున్నాడంటే నేను వెంటనే ఇంకో ఆడదాన్ని ప్రవేశపెట్టేదాన్ని. ఒక్క మొగుణ్ణయినా డాక్టరు దగ్గరికి పంపిన పాపాన పోలేదు.

ఆ సినిమా నాకంటే నయం. పిల్లవాణ్ణి చేతకానివాడని తీసిపారెయ్యలేదు. పిల్ల అతని చెయ్యి వదల్లేదు. అయితే నవ్వులకిచ్చిన చోటు వైద్యానికివ్వలేదు. పెళ్లికొడుకు బెదురు ప్రేమతో తగ్గొచ్చు. నడివయసులో వచ్చేదానికి ప్రేమొక్కటే చాలదు. షుగరు, బీపీ, సిగరెట్లు, దిగులు, కొన్ని మందులు, దేనివల్లనైనా రావచ్చు. అక్కడి రక్తనాళాలు గుండెనాళాలకంటే సన్నవి. అందుకే పూడిక మొదలైతే చాలామందిలో గుండెకంటే ముందు అక్కడే తెలుస్తుంది. అంటే అది అవమానం కాదు, హెచ్చరిక.

మందులున్నాయి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనఫిల్ మొదట గుండెనొప్పి కోసం పరీక్షించిన మందే. కాని గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అది మింగితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. అంచేత గోడమీద రాతల వైద్యులూ, స్నేహితుల సలహాలూ పనికిరావు.

నా తర్వాతి నవలలో మొగుణ్ణి డాక్టరు దగ్గరికి పంపిస్తాను. మీరు మాత్రం అందాకా ఆగకండి. “షుగరూ, బీపీ ఇద్దరం చూపించుకుందాం రండి,” అనండి. అక్కడ ఆ ఒక్క మాటా దాచవద్దని మెల్లిగా చెప్పండి.