మేక కాళ్ల లెక్క

ఈమధ్య కొయ్యబొమ్మలు చేయడం నేర్చుకుంటున్నాను. పెద్దవేమీ కావు. అరచేతిలో పట్టే మేక, గొర్రె, ఎద్దు, అంతే. ఈ పనికి కొత్తగా కూర్చునేవాళ్లకు ముఖం గురించే బెంగ. కొమ్ము ఎట్లా తిరగాలి, కన్ను ఎక్కడ పడాలి అని. అసలు చిక్కంతా కాళ్ల దగ్గర ఉంది.

కట్టెకు నార ఉంటుంది. మాను నిలువుగా ఎదిగిన దారి అది. నార వెంట కట్టె గట్టి, నారకు అడ్డంగా పెళుసు. మేకకేమో వీపు అడ్డం, కాళ్లు నిలువు. ఒకే పలకలో మేకను గీసి కోసినప్పుడు నార వీపు వెంట పోతే సన్నని కాళ్లు పుటుక్కున విరుగుతాయి. కాళ్ల వెంట పోతే తోక, మూతి నిలవవు. రాయచోటిలో నాకు పని చూపించే ఆచారి ఈ సంగతి ఒక్క మాటలో తేల్చేశాడు: "ముందు కట్టెను చూడు సార్, మేకను ఆమీట చూద్దువు."

ఈ లెక్క తెలిశాక పేరున్న బొమ్మలన్నీ నాకు వేరుగా కనిపిస్తున్నాయి. కొండపల్లి వాళ్లది తెల్లపొణికి. తేలికైన, మెత్తని కట్టె. దాన్ని బాగా ఆరబెట్టి, ఒళ్లు, కాళ్లు, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అంటే ఏ కాలి నార ఆ కాలికే. ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్రను తరిమెన పట్టి గుండ్రంగా తీస్తారు. తిరిగే కర్రకు లక్కను ఒత్తితే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది, మొగలాకుతో రుద్దితే మెరుస్తుంది. అక్కడ ఏ జంతువైనా గుండ్రటి ముక్కల్లోకి ఒదగాల్సిందే. ఒక ఊరు అతికింది, ఇంకో ఊరు గుండ్రం చేసింది. దారి చూపింది మాత్రం ఆ ఊళ్లకు దొరికిన చెట్లే.

మరి మన రాయచోటికేముంది? గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే చుట్టూ పాలకొండలు. అటు శేషాచలం. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లోనూ, వీటి చుట్టుపక్కలా మాత్రమే. దాని చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. అంత బిగువైన కట్టె కాబట్టే ఒకే దిమ్మలో సన్నని నగిషీ కూడా నిలుస్తుంది. అయితే దొంగరవాణా దెబ్బకు 1995లోనే అది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాకు ఎక్కింది. కళ్లెదుట కొండల్లో ఉన్నా, నేర్చుకునేవాడి చేతికి వచ్చే కట్టె కాదది.

చేతికి వచ్చేది వేప. కరెంటు తీగలకు అడ్డమని కొట్టేసిన కొమ్మ అడిగితే ఎవరైనా ఇస్తారు. చెద పట్టదు. కానీ దాని నార మెలిపడి ఉంటుంది. ఒకవైపు నున్నగా లేచిన పొర, బెత్తెడు దాటేసరికి ఎదురు తిరిగి చిట్లుతుంది. అందుకే ఉలిని అటూ ఇటూ మార్చుకుంటూ పోవాలి, కొసలో ఆకురాయినే నమ్ముకోవాలి. వేపలో సన్నకాళ్ల మేక కుదరదు. పొట్టికాళ్ల గొర్రె బాగా కుదురుతుంది. మెడ కురచ, కడుపు నేలకు దగ్గర, ఉన్ని గరుకు కూడా కట్టే ఇస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒకటే. పడుకున్న జంతువుతో మొదలుపెట్టండి. లేపాక్షి బసవన్నను ఒకసారి ఆ కంటితో చూడండి. అంత పెద్ద ఏకశిలలో కాళ్లన్నీ ఒంటికిందకే మడిచి ఉంటాయి, విరగడానికి బయట ఏమీ మిగల్లేదు. చేయి కుదిరాక గొర్రెను నిలబెట్టండి. మేక సంగతి ఆ తర్వాత.

రాయచోటి బొమ్మ అంటూ ఎప్పటికైనా ఒకటి పుడితే అది పొట్టికాళ్లతోనే పుడుతుందని నా నమ్మకం. చూసినవాళ్లు దాన్ని మన శైలి అంటారు. ఆ పేరులో సగం వాటా వేపమానుది.