ఎంగిలి మెతుకులు – ఇంధన వాయువు

అన్నం పరబ్రహ్మస్వరూపమని చెప్పుకొనే దేశంలో విస్తళ్లలో మిగిలిన అన్నం చెత్తకుప్ప పాలవుతున్నది. అటువంటి వ్యర్థాన్ని ఇంధనంగా మార్చవచ్చునని హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టు చూపించింది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞుల పరిజ్ఞానంతో వెలసిన ఆ కేంద్రాన్ని 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ప్రశంసించారు. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధనం లభిస్తాయని నాటి లెక్క. నిజామాబాదు, బోధన్ పట్టణాలకు దీనినే నమూనాగా చూపడం సహజం. అయితే నమూనాను మెచ్చుకొనడం వేరు, పరీక్షించడం వేరు.

గాలి సోకని తొట్టిలో ఈ పని దశలవారీగా సాగుతుంది. మొదట కొన్ని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, మాంసకృత్తులను, కొవ్వులను విడగొట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. తరువాత మరికొన్ని జీవులు వాటినుంచి మీథేను, బొగ్గుపులుసు వాయువులను పుట్టిస్తాయి. మొదటివి చురుకైనవి, చివరివి నెమ్మదైనవి, సుకుమారమైనవి. పెళ్లిభోజనం మిగిలిందని బండెడు అన్నాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తే పులుపు పెరిగి వాయువు ఆగిపోతుంది. పశువుల పేడ కలిపితే ఆ పులుపు కొంత అణగుతుంది. కనుక తొట్టిని కట్టడం కంటె దానికి మేత పెట్టడమే కష్టం.

బోయినపల్లి బలం యంత్రంలో ఎంత ఉన్నదో సరఫరాలోనూ అంత ఉన్నది. అక్కడ ఒకే ఆవరణలో దాదాపు ఒకే తరహా వ్యర్థం దొరుకుతుంది. ప్లాస్టిక్ సంచులు, గాజుపెంకులు కలిసిన ఇంటి చెత్తకు ఆ సౌలభ్యం లేదు.

లెక్కలోనూ ఒక లోపమున్నది. వాయువును ఇంజనులో మండించి విద్యుత్తు తీస్తే, అందులోని శక్తిలో సాధారణంగా మూడోవంతుకు మించి చేతికి రాదు. మంచి పొయ్యిలో సగం వరకు గిన్నెకు అందుతుంది. ఘనమీటరు వాయువు సుమారు 450 గ్రాముల వంటగ్యాసుకు సమానం. అందువల్ల హాస్టలు వంటశాల పక్కనున్న చిన్న తొట్టి, ఊరిబయటి జనరేటరు కంటె మేలు. మిగిలిన మడ్డిలో నత్రజని, భాస్వరం చాలావరకు నిలిచే ఉంటాయి. పసుపు, చెరకు చేలకు అది ఎరువు. ఈ లాభం యూనిట్ల లెక్కలో కనబడదు.

బోధన్‌లో 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. గానుగ మళ్లీ తిరిగినా చెరకు ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. చక్కెర మడ్డిని మాత్రమే నమ్ముకొన్న తొట్టి మిగతా నెలలు పస్తుండవలసిందే. పేడ, మార్కెట్టు వ్యర్థం, హోటళ్ల అన్నం రోజూ ఎంత దొరుకుతాయో ముందుగా తూచి, ఆ తూకానికి తగిన తొట్టినే కట్టాలి. మూతపడిన కర్మాగారం గేటు అంటే ఏమిటో ఎరిగిన ఆ ప్రాంతానికి, మేతలేక ఆగిపోయే మరొక కట్టడం అక్కరలేదు.