తాళ్ల బడి

యుద్ధనౌకల దళానికి తెరచాపలెందుకని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. క్షిపణులూ జలాంతర్గాములూ ఉన్న భారత నౌకాదళం 1997లో మూడు తెరకొయ్యల ఓడను చేర్చుకుంది. అదే ఐఎన్‌ఎస్ తరంగిణి. నమూనా గీసింది కోలిన్ మూడీ అనే బ్రిటిష్ ఓడల రూపశిల్పి, కట్టింది గోవా షిప్‌యార్డు. దాని మకాం కొచ్చి. అధికారులు కాబోయే క్యాడెట్లకు గాలినీ నీటినీ పరిచయం చేయడమే దానికి అప్పగించిన పని. కంప్యూటర్ తెర మీద గాలి ఒక అంకెగా కనిపిస్తుంది. తాడు పట్టుకున్న అరచేతికి మాత్రం బరువుగా తెలుస్తుంది.

ఓడ పొడవు 54 మీటర్లు. ముందు కొయ్యకూ నడి కొయ్యకూ అడ్డదూలాలు, వాటికి వేలాడే అడ్డచాపలు. వెనక కొయ్యకు మాత్రం ఓడ పొడవు వెంట సాగే నిలువు చాపలు. ఈ తరహా ఓడను బార్క్ అంటారు. అన్నీ విప్పితే 20 చాపలు, దాదాపు వెయ్యి చదరపు మీటర్ల గుడ్డ. అడ్డచాపల ఓడకు మనుషులు ఎక్కువ కావాలి. సరుకుల ఓడ యజమానికి అది నష్టం, శిక్షణ ఓడకు అదే లాభం. ముప్ఫై మంది కుర్రాళ్లను ఎక్కిస్తే ముప్ఫై మందికీ పని ఉంటుంది. చేతులు కట్టుకుని చూసే చోటే ఉండదు. ఈ ఓడలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

కొత్తగా ఎక్కినవాళ్లు ముందు నేర్చుకోవలసింది తాళ్ల చిరునామా. ఓడ పక్కగోడల వెంట, కొయ్యల మొదట్లో పలకలకు గుచ్చిన గుంజల వరసలుంటాయి. ఒక్కో గుంజకూ ఒక్కో తాడు. ఎక్కడ ఏది ఉండాలో లెక్క ఉంది. కింది చాప తాళ్లు ముందు, పై చాపలవి వెనక. కుడివైపు ఏ వరసో ఎడమవైపూ అదే వరస. అమావాస్య రాత్రి, వాన కొడుతున్నప్పుడు, దీపం లేకుండా చెయ్యి చాపితే కావలసిన తాడే దొరకాలి. తాడును గుంజకు ఎనిమిది అంకెలా చుట్టి, మిగిలినదాన్ని చుట్టగా తగిలిస్తారు. ముడి వేయరు. బరువు పడ్డ ముడి అవసరానికి ఊడి రాదు. ఈ గుంజను పైకి లాగితే చాలు, చుట్టలన్నీ ఒక్కసారిగా జారిపోతాయి. ఇంత చిన్న వస్తువులో ఇంత ముందుచూపు!

తర్వాత కొయ్య ఎక్కడం. గాలి వీచే వైపు నుంచే ఎక్కాలి. అప్పుడు గాలి మనిషిని తాళ్ల నిచ్చెనకే అదిమి పెడుతుంది, రెండో వైపు ఎక్కితే ఊడ్చేస్తుంది. పైన అడ్డదూలం కింద వేలాడే తాడే కాళ్లకు ఆధారం. ఒకరు దాని మీద కాలు మోపితే అప్పటికే నిలబడ్డవాళ్ల కాళ్ల కింద అది కదులుతుంది. అందుకే కాలు పెట్టేముందు కేకేసి చెప్పాలి. పొట్టను దూలానికి ఆనించి, గుడ్డను మడత మీద మడతగా గుంజి పైకి చుట్టి, సులువుగా విడిపోయే కట్టుతో కట్టాలి. నడుముకు రక్షణ పట్టీ ఉంటుంది లెండి. అది పడకుండా ఆపుతుంది గానీ మొదటిసారి ఎక్కినవాడి భయాన్ని ఏం ఆపుతుంది!

ఎదురుగాలిలో ముక్కు తిప్పడం అసలు పరీక్ష. ఓడ గాలికి ఎదురు తిరిగే క్షణాన ముందు కొయ్య చాపలకు గాలి ఎదురు కొడుతుంది. ఆ ఎదురుదెబ్బే ముక్కును అవతలికి నెడుతుంది. సరిగ్గా అప్పుడే నడి కొయ్య దూలాలను తిప్పాలి. ముందుగా తిప్పినా, ఆలస్యమైనా ఓడ ఎటూ పోక నిలిచిపోతుంది. కుదరకపోతే వాలుగాలికి తిప్పి చుట్టూ తిరిగి రావాలి. కష్టపడి సంపాదించిన దూరం కొంత పోతుంది. 2003లో కొచ్చిలో బయలుదేరి 2004కు భూగోళం చుట్టి వచ్చిన మొదటి భారత నౌకాదళ ఓడ తరంగిణే. ఆ యాత్ర నడిచింది ఇలాంటి లాగుళ్ల మీదే. 2012లో దీనికి సుదర్శిని అనే చెల్లెలు తోడైంది.

ఇదంతా చెబితే అనకాపల్లి జిల్లా రాజయ్యపేటలో పెద్దవాళ్లు నవ్వుకోవచ్చు. సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊరది. ఈ తీరమంతా ఒకప్పుడు తెప్పల బడి. మేకు లేకుండా దుంగలను తాళ్లతో బిగించి, వేట అయ్యాక విప్పి ఇసుకలో ఆరబెట్టేవారు. చాప ఒక్కటే, తెడ్డే చుక్కాని. కుర్రాడు తండ్రి వెనకే కూర్చుని గాలిని కనిపెట్టేవాడు. హైలెస్సా అంటూ వల లాగినవాళ్లకు పదిమంది ఒక్క ఊపులో తాడు లాగడం ఒకరు నేర్పాలా? ఫైబర్ బోట్లూ ఇంజన్లూ వచ్చాక బతుకు కొంత తేలికైంది, చాప పోయింది. ఈనాటి కుర్రాడికి చాప తాడు చేతికి రావడం అరుదు. గాలి ఎరిగిన ఊళ్ల పిల్లలకు ఇది అన్యాయమే.

తెలుగువాళ్లు ఆ తాడు పట్టుకోలేదని కాదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద భూగోళం చుట్టడానికి బయలుదేరిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తారిణి చిన్న పడవ, 17 మీటర్లే, ఒకటే కొయ్య. వాళ్లు సాధన చేసిన మాదేయి కూడా అలాంటిదే. చుక్కాని ఇబ్బంది పెడితే మారిషస్‌లో ఆగి బాగుచేసుకుని, 2018 మే నెలలో గోవాకు తిరిగొచ్చారు.

తరంగిణి ఏదైనా రేవులో జనానికి తలుపు తెరిస్తే, అందరూ తలెత్తి చాపలను ఫొటో తీస్తుంటారు. మీరు గుంజల వరస దగ్గర ఆగండి. చుట్టలన్నీ ఒకే తీరున వేలాడుతున్నాయో లేదో చూడండి. ఒకటి వంకరగా కనిపిస్తే కాసేపు అక్కడే ఉండండి, దాన్ని విప్పి మళ్లీ చుట్టే కుర్రాడు వస్తాడు.