సోఫా పైన తాటిచెట్టు

ఆ మధ్య లాల్‌దర్వాజాలో ఓ స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్లాను. హాల్లో సోఫా పైన వరసగా నాలుగు పాతకాలపు చెట్ల బొమ్మలు. పచ్చబారిన కాగితం మీద పొడుగాటి తాళవృక్షాలు, కింద లాటిన్ పేర్లు. ముచ్చటగా ఉన్నాయి.

"ఏం చెట్లే ఇవి?" అన్నాను.

"ఏమోనే! సోఫా గుడ్డకి మాచ్ అయ్యాయని తెప్పించాను" అంది.

అవి జర్మన్ శాస్త్రజ్ఞుడు మార్షియస్ పుస్తకంలోవి. ఆయన 1817 నుంచి 1820 దాకా బ్రెజిల్‌లో తిరిగి, తర్వాత తాళజాతి చెట్ల మీద మూడు పెద్ద సంపుటాలు వేశాడు. ఆ బొమ్మలు చాలావాటిలో చెట్టుతోపాటు దాని చుట్టూ ఉన్న అడవీ, ఆకాశమూ కనిపిస్తాయి. అందుకే గోడకి అంతగా నప్పుతాయి.

బాగానే ఉంది గానీ, మన తాటిచెట్టేం పాపం చేసింది?

దానికీ ఉందండీ బొమ్మ! ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బరో సామర్లకోటలో తోట పెంచుతూ, మనదేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి 1820 వరకు లండన్‌లో భాగాలుగా వెలువడింది. అందులో 71, 72 బొమ్మలు తాటివి. 74వది చిట్టీత. మొక్కల తెలుగు పేర్లు కూడా ఇచ్చాడాయన.

తాటిబొమ్మ అచ్చు తీయించి ఇంటికి తెస్తే మా అత్తగారు, "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. దాన్ని హాల్లో పెడతావుటే?" అన్నారు. వేసవిలో ముంజలు ఒలిచి పెడితే మాత్రం ఆవిడకి ఏ అభ్యంతరమూ ఉండదు!

ఆవిడ మాటలో నాకు అసలు విషయం దొరికింది. మనకి తాటిచెట్టంటే ముంజ, తేగ, విసనకర్ర, మోకు బిగించి చెట్టెక్కే మనిషి. శాస్త్రం కోసం వేసే బొమ్మకి ఇవేవీ అక్కర్లేదు. ఆకు ఎలా చీలింది, పూత ఎలా వచ్చిందన్నదే దాని లెక్క. ఆ లెక్కలో చేయి ఎక్కడా తడబడదు, దానికి వంక పెట్టలేం. కానీ చెట్టుని బతికించిన మనిషి అందులో లేడు. బొమ్మ వేసిన మనిషీ లేడు.

ఈ రెండో సంగతి నాకు తట్టించింది ఛత్తాబజారులో ఫ్రేము కట్టే ముసలాయన. ఒకప్పుడు పెళ్లి శుభలేఖలు చేత్తో రాసేవాడట. అద్దం తుడుస్తూ, "ఎవరు వేశారమ్మా? మేం నాలుగు ముక్కలు రాసినా ఓ మూల కాతిబు పేరుండేది" అన్నాడు.

పుస్తకం మీద రాక్స్‌బరో పేరుంది. అచ్చు వ్యవహారం చూసిన జోసెఫ్ బ్యాంక్స్ పేరుంది. బొమ్మలు వేసినవాళ్ల పేర్లు లేవు.

చీర కొనేటప్పుడు గద్వాలా, వెంకటగిరా అని పదిసార్లు అడుగుతాం కదా! ఏళ్ల తరబడి కళ్లెదుట ఉండే బొమ్మని, ఏ చెట్టువి, ఎవరి చేతిలో పుట్టావని ఒక్కసారైనా అడగొద్దూ?

నా ఫ్రేములో బొమ్మ కింద ఓ చీటీ పెట్టించాను. 'తాడి. సామర్లకోట డాక్టరు కోసం వేసింది ఓ భారతీయ చిత్రకారుడు' అని. పేరు రాయాల్సినంత చోటు ఖాళీగా వదిలాడు ముసలాయన.

అత్తగారు రోజూ దాని కిందే కూర్చుని పాలు తాగుతున్నారు.